బ్రాందీ పీపాలో పొగ

ఆ విస్కీ డిస్టిలరీలో ఆమెను ఎదురుగా మేడమ్ అనేవారు, గుమ్మం దాటగానే ముక్కమ్మ అనేవారు. ఆమెకు ఆ సంగతి తెలుసు, కోపం లేదు. ఇరవై రెండేళ్ళుగా ఆ ముక్కు మీదే బతుకుతోంది మరి. ఏ పీపాలో సరుకు పండిందో, ఏది ఇంకా పచ్చిగా ఉందో, ఏది పాడైందో వాసన చూసి, చుక్క నాలుక మీద వేసుకుని చెప్పడం ఆమె పని. ఆమె ఊఁ అంటే సీసాల్లోకి, ఉహుఁ అంటే మళ్ళీ గోదాములోకి. జలుబు చేస్తే జీతగాళ్ళందరికంటే ముందు యజమానికి ముచ్చెమటలు పట్టే ఉద్యోగం తనదొక్కటేనని అత్తగారితో అంటుండేది.

ఇంట్లో ఆమె, అత్తగారు ఇద్దరే. భర్త పోయి పన్నెండేళ్ళయింది. కొడుకే లేనప్పుడు ఇక కోడలెందుకుంటుందని చుట్టుపక్కల వాళ్ళు అనుకున్నారు. ఆమె ఉండిపోయింది. ఎందుకుండిపోయిందని ఎవరైనా అడిగితే అత్తగారే జవాబు చెప్పేది.

"దానికి నా వంట అలవాటైపోయింది, నాకు దాని సణుగుడు అలవాటైపోయింది. ఈ వయసులో మళ్ళీ కొత్తవాళ్ళని ఎక్కడ వెతుక్కుంటాం?"

ఆ మంగళవారం ఉదయం ఆమె వాసన లేని సబ్బుతో స్నానం చేసింది. తలకు నూనె రాసుకోలేదు, కాఫీ తాగలేదు. రుచి చూడాల్సిన రోజుల్లో అది నియమం. అత్తగారు కూడా ఆ పూట పొయ్యి మీద బాణలి పెట్టకుండా గంజిలాంటిదేదో కాచుకుని తాగేది.

"ఇవాళేనా తెరిచేది?" అంది అత్తగారు గ్లాసు ఊదుకుంటూ.

"ఇవాళే."

"వస్తున్నాడా?"

"ఎవరు?"

"ఎవరా! తెలీనట్టు అడక్కు. నీ ముక్కు పొడుగే కానీ నా చెవులేమీ పొట్టివి కావు. నిన్న ఫోన్లో 'తొమ్మిదింటికల్లా వచ్చేయండి' అన్నావుగా. యజమానితో మాట్లాడేటప్పుడు నీ గొంతు అంత మెత్తగా ఉండదు."

ఆమె చెప్పుల కోసం వెతుకుతున్నట్టు వంగింది. చెప్పులు కాళ్ళకే ఉన్నాయి.

వస్తున్నవాడు పీపాల మేస్త్రి. తొమ్మిదేళ్ళ కిందటి దాకా ఆ డిస్టిలరీలోనే పనిచేసేవాడు. చెక్కపలకల్ని వంచి, ఇనుప కట్లు బిగించి, లోపల నిప్పుతో కాల్చి పీపాలు తయారుచేసేవాడు. నోట్లో నాలుక ఉందా లేదా అని అనుమానం వచ్చేంత తక్కువగా మాట్లాడేవాడు. పీపా మీద వేలి కణుపులతో తట్టి, చెవి ఆనించి, ఎవరో లోపలి నుంచి తలుపు తీస్తారన్నట్టు కాసేపు ఆగేవాడు. ఆరేళ్ళు ఆ ఇద్దరూ పక్కపక్కనే పనిచేశారు. అతను పీపా తెచ్చి పెట్టేవాడు, ఆమె తల లోపలికి వంచి వాసన చూసేది. అతనూ చూసేవాడు. ఇద్దరికీ నచ్చితే అందులో సరుకు పోసేవారు. ఇద్దరి ముక్కులూ చెరో మాట చెప్పిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఒకరోజు అతను లారీలో మూడు పాత పీపాలు వేసుకొచ్చాడు. ఎక్కడో బ్రాందీ చేసే కంపెనీ ఒకటి మూతపడితే అక్కణ్ణుంచి తెచ్చాడు. లోపలికి వంగి చూస్తే ద్రాక్షతోట మొత్తం ఎండి ఆ చెక్కలో దాక్కున్నట్టుంది.

వీళ్ళ డిస్టిలరీకి పేరు తెచ్చింది పొగ విస్కీ. చిత్తడి నేలల్లో వేల ఏళ్ళు నానిన మట్టిగడ్డల్ని తవ్వి ఎండబెడతారు. వాటిని పీట్ అంటారు. ఆ గడ్డల్ని కాల్చి, ఆ పొగలో మొలకెత్తిన బార్లీని ఆరబెడతారు. ఆ పొగ గింజలోకి, గింజలోంచి సారాలోకి దిగి, ఏళ్ళు గడిచినా వదలదు. ఆ మొండి పొగను తీసుకెళ్ళి ద్రాక్ష తీపి పట్టిన పీపాల్లో పోద్దామన్నాడు మేస్త్రి.

యజమాని నవ్వాడు. "పొగకీ ద్రాక్షకీ పొత్తెలా కుదురుతుందయ్యా? పిల్లినీ ఎలకనీ ఒకే గదిలో పెట్టి గొళ్ళెం వేస్తానంటావేంటి?"

"తొందరపడకుండా ఉంచితే సర్దుకుంటాయండీ," అన్నాడు మేస్త్రి.

"ఎన్నాళ్ళు?"

"తొమ్మిదేళ్ళు."

యజమాని ఆమెవైపు తిరిగాడు. ఆమె మామూలుగా ఇలాంటి వాటిల్లో తలదూర్చదు. ఆ రోజు మాత్రం, "మూడే కదండీ. చెడితే మాట పడేది నేను," అంది. మేస్త్రి ఆమెవైపు చూడలేదు. అతని చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

మూడు పీపాలు నింపారు. ఆమె గరాటు పట్టుకుంది, అతను పోశాడు. నెల తిరక్కుండానే అతనికి కబురొచ్చింది. వేరే ఊళ్ళో ఉన్న అక్కకు పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది.

"అమ్మ మొహం నాకు గుర్తు లేదు మేడమ్. తెలివొచ్చేసరికి అక్క చంకలో ఉన్నాను," అన్నాడు వెళ్ళే రోజు, డిస్టిలరీ గేటు దగ్గర సంచి పట్టుకుని. "ఇప్పుడు నేను పోకపోతే మనిషినే కాను."

ఆమెకు అడగాలనుంది, తిరిగి ఎప్పుడొస్తారని. అడిగితే ఆ ప్రశ్నలో ఇంకేదో బయటపడుతుందని భయం వేసింది. అప్పటికి భర్త పోయి మూడేళ్ళే. ఇంట్లో అత్తగారు తుంటి ఎముక విరిగి మంచం మీదుంది. అతనికి వెళ్ళక తప్పదు, ఆమెకు ఉండక తప్పదు.

"ఆ మూడు పీపాలూ ఎలా ఉన్నాయో ఏడాదికోసారి రాస్తారా?" అన్నాడతను.

"రాస్తాను."

వాళ్ళిద్దరి మధ్య జరిగిన మాటల్లో అన్నిటికంటే పెద్దది అదే.

ఆమె రాసింది. ఏటా అదే నెలలో పీపాల బిరడాలు తీసి, రాగి గొట్టంతో కాస్త సరుకు లాగి, వాసన చూసి, ఉత్తరం రాసేది. "ఒకటోది మొండిది. పొగ తప్ప వేరే మాట లేదు," అని మొదటి ఏడు. "మూడోదాన్లో ఇవాళ మొదటిసారి ఎండు ద్రాక్ష తగిలింది. పొగ వెనకాల నిలబడి ఉంది, ఇంకా గడప దాటలేదు," అని నాలుగో ఏడు. ఆరో ఏడు, "రెండూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నాయి. ఇంకా మాట్లాడుకోవడం లేదు." రాసి, కవరు అంటించి, ఇది పీపా గురించి రాసిందేనా అని తనకే సందేహం వచ్చి, కవరు విప్పలేక పోస్టు చేసేది.

అతని జవాబులు మొదట్లో రెండేసి పేజీలుండేవి. చెక్క ఏ కాలంలో ఎలా ఊపిరి పీల్చుకుంటుందో, గోదాములో ఏ గోడ వైపు పీపాను కాస్త తిప్పాలో రాసేవాడు. కింద ఒకే ఒక వాక్యం: "అక్క అలాగే ఉంది, నేనూ అలాగే ఉన్నాను." కానీ ఆఖరి రెండేళ్ళూ రెండేసి మాటలే వచ్చాయి. "అందింది. సంతోషం." ఆమె ఆ రెండు మాటల్నీ ఎన్నిసార్లు చదివిందో. రెండు మాటల్లో వెతకడానికి ఏముంటుంది? అయినా వెతికేది.

*

తొమ్మిదింటికి అతను గేటు దగ్గరున్నాడు. జుట్టు సగం పైగా నెరిసింది. భుజాలు మాత్రం అలాగే ఉన్నాయి, బరువు మోయడానికి సిద్ధంగా కొంచెం ముందుకు వంగి.

"బాగున్నారా మేడమ్?"

"బాగున్నాను. మీ అక్కగారెలా ఉన్నారు?"

"పోయింది. ఏడాదిన్నరయింది."

"మరి రాయలేదే?"

"రాద్దామనుకున్నాను," అని అతను ఇంకేదో అనబోయాడు. ఈలోగా యజమాని చేతులు చాపుకుంటూ వచ్చి, "ఏమయ్యా మేస్త్రీ, నీ పిల్లీ ఎలకా ఏమయ్యాయో చూద్దాం పద!" అని వీపు మీద చరిచి లోపలికి లాక్కెళ్ళాడు.

గోదాము చల్లగా, మసకగా ఉంది. మూడు పీపాలూ చిట్టచివర గోడ పక్కన ఉన్నాయి. మేస్త్రి మొదటిదాని మీద కణుపులతో తట్టి చెవి ఆనించాడు. "మూడోవంతు తగ్గిందండీ."

"చెక్కలోంచి ఆవిరైపోతుందని మీరంటారు, ఈ గోడలే తాగేస్తాయని నేనంటాను. ఇంత తాగి ఒక్కరోజు కూడా తూలవు చూడు!" అన్నాడు యజమాని.

మొదటి పీపా బిరడా తీసింది ఆమె. పొగ మొహాన కొట్టింది. మంచి సరుకే, కానీ పోసినప్పుడు ఎలా ఉందో ఇంచుమించు అలాగే ఉంది. తొమ్మిదేళ్ళూ ఎవరి మాటా వినని మనిషిలా ఉంది. యజమాని పెదవి విరిచాడు.

రెండోది తీయగానే ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. కుళ్ళిన గుడ్డు, తడిసి మురిగిన అట్టపెట్టె, రెండూ కలిసిన కంపు. పోయినేడు లేదది. ఎక్కడో చెక్క లోపల బూజు పట్టి ఉంటుంది. యజమాని జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. మేస్త్రి వెనక్కి తిరిగి తన పనిముట్ల సంచి సర్దుకుంటున్నాడు. లేచి వచ్చి, ఎవరి వైపూ చూడకుండా పీపా మీదకు వంగి గట్టిగా ఊపిరి పీల్చాడు. పీల్చి, కళ్ళు మూసుకుని, తల ఊపాడు.

"ఫర్వాలేదే. బాగానే దిగింది," అన్నాడు.

యజమాని జేబురుమాలు దించాడు. "బాగానే దిగిందా? చచ్చిన పందికొక్కు కంపు కొడుతుంటే!"

మేస్త్రి కళ్ళు తెరిచి, యజమాని మొహమూ, ఆమె మొహమూ మార్చి మార్చి చూశాడు. ఎదుటివాళ్ళ పెదాల కదలికను బట్టి మాట పోల్చుకునే చెవిటివాడి చూపు అది. ఆమెకు ఒక్కసారిగా అర్థమైంది. ఇరవై రెండేళ్ళుగా మనుషులు వాసన చూడ్డం చూస్తోంది ఆమె. వాసన తగిలిన మనిషి ముక్కుపుటాలు, తగలకముందే ఒక మాట ఎంచుకుని పెట్టుకున్న మనిషి ముక్కుపుటాలు ఒకలా ఉండవు.

"ఆయన మిమ్మల్ని ఆటపట్టిస్తున్నారు లెండి," అంది నవ్వు తెచ్చుకుని. "మూడోది నెమ్మదిగా చూడాలండీ. ఈ కంపు ముక్కులోంచి పోవాలి ముందు. ఒక గంట మమ్మల్ని వదిలేయండి. మీరు ఆఫీసులో ఉండండి, తెచ్చి చూపిస్తాను."

యజమాని గొణుక్కుంటూ వెళ్ళాడు.

రుచి చూసే గది గోదాము పక్కనే ఉంది. ఒక కిటికీ, ఒక బల్ల, బల్ల మీద తెల్ల గుడ్డ, నీళ్ళ కూజా, మూతి ముడుచుకున్న గ్లాసులు రెండు. తలుపు వేసి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు.

"ఎప్పటినుంచి?" అంది ఆమె.

అతను దాచలేదు. "రెండేళ్ళ పైనయింది. జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది కానీ ముక్కు మళ్ళీ పనిచేయలేదు. డాక్టరు చూద్దాం చూద్దాం అన్నాడు. చూస్తూనే ఉన్నాను."

"నాకు చెప్పొచ్చు కదా."

"ఎలా చెప్పను మేడమ్? మీరు ఎండు ద్రాక్ష అని రాసేవారు. దుకాణానికెళ్ళి ఎండు ద్రాక్ష తెచ్చుకుని, మీ ఉత్తరం పక్కన పెట్టుకుని వాసన చూసేవాణ్ణి. గులకరాళ్ళు వాసన చూసినట్టుండేది. ఇంకేం రాయను? అందింది అని రాశాను. అందింది ఒక్కటే నిజం."

"మరి ఇవాళ ఎందుకొచ్చారు? వాసన చూడలేనని తెలిసీ?"

"వాసన కోసమే రావాలా?" అని, అన్నాక తనే బెదిరినట్టు కిటికీ వైపు తిరిగాడు. "చూడాలనిపించింది. వచ్చాను."

ఏం చూడాలనిపించిందో ఆమె అడగలేదు. లేచి వెళ్ళి మూడో పీపాలోంచి సరుకు లాగి తెచ్చింది. రెండు గ్లాసుల్లో పోసింది. తోమిన పాత రాగి చెంబు రంగు. గ్లాసు తిప్పితే అంచున చారలు కట్టి, తొందరేమీ లేనట్టు కిందికి జారాయి.

"మీరు చెప్పండి, నేను వింటాను," అన్నాడతను. "నా మీద జాలిపడి లేనివి కల్పించకండి. ఉన్నదే చెప్పండి."

ఆమె గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంది. మామూలుగా ఈ పని చేసేటప్పుడు కాగితం మీద మాటలు పొడి పొడిగా రాసేస్తుంది: పొగ, ద్రాక్ష, అయోడిన్, చెక్క. వాసనే లేని మనిషికి ఆ మాటలెందుకు పనికొస్తాయి?

"పొగ ఉంది. కానీ మీద పడే పొగ కాదు. వాన వెలిశాక మీరు వీధి మలుపులో నిలబడ్డారనుకోండి. ఎవరింట్లోనో పొయ్యి ఆర్పారు. ఇల్లు కనబడదు, మనుషులు కనబడరు. కానీ లోపల ఎవరో ఉన్నారని తెలుస్తుంది కదా, అలా ఉంది."

"ఊఁ."

"దాని వెనకాల ద్రాక్ష. తాజా తీపి కాదు. ఎవరికో పెడదామని చెక్క డబ్బాలో దాచి, మర్చిపోయి, చాలా రోజులకు మూత తీస్తే వచ్చే తీపి. కాస్త తేనె. కాల్చిన ఆపిల్ తొక్క. చిన్నప్పుడు మోకాలు గీరుకుపోతే పూసే మందు, అదొక్క చుక్క."

"రెండూ కలిశాయా?"

"కలిశాయి." ఆమె గ్లాసు దించింది. "ఎక్కడ పొగ అయిపోయి ఎక్కడ ద్రాక్ష మొదలైందో నేను చెప్పలేను. మీరన్నట్టే అయింది."

అతను తల ఊపాడు. మొహంలో ఒక వెలుగు వచ్చి, నిలవలేక పోయింది. ఆమె కూజాలోంచి నాలుగు చుక్కల నీళ్ళు రెండు గ్లాసుల్లోనూ వేసింది. గాఢమైన సరుకు నీటి చుక్క పడగానే విప్పుకుంటుంది. మళ్ళీ వాసన చూసింది.

"ఏమొచ్చింది?" అన్నాడతను.

"అప్పుడే చిత్రిక పట్టిన చెక్క. ఇనుము. కాస్త మసి." ఆగింది. "మీ చొక్కా."

"ఏంటి?"

"ఆ రోజుల్లో మీరు నా పక్కనుంచి వెళ్తే వచ్చే వాసన. అది ఉంది ఇందులో. ఉన్నదే చెప్పమన్నారు కదా, చెప్పాను."

అతను గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు. తర్వాత, ఇంకేం చేయాలో తెలియనివాడిలా, గ్లాసెత్తి ఒక గుక్క నోట్లో పోసుకుని, అటూ ఇటూ తిప్పి మింగాడు.

"ముక్కు పోయినా నాలుక ఉంది లెండి," అన్నాడు మెల్లగా. "తీపి ముందు దిగుతోంది. తర్వాత మంట. మంట పోయాక నాలుక పక్కల ఉప్పు. ఆ చివర, నాలుక మొదట్లో, చేదు."

"చేదా? నాకు తెలియలేదే."

"మీకు ఆ వాసనలన్నీ అడ్డం వస్తాయి. ముక్కు మూసుకుని తాగి చూడండి."

ఆమె చిన్నపిల్లలా ముక్కు పట్టుకుని ఒక గుక్క తాగింది. పొగ లేదు, ద్రాక్ష లేదు, చొక్కా లేదు. తీపి, మంట, ఉప్పు. అన్నిటి తర్వాత, తలుపు సందులోంచి వేలు పెట్టినట్టు సన్నటి చేదు. రెండేళ్ళుగా అతనికి లోకమంతా ఇలాగే ఉందన్నమాట. ఆమె ముక్కు వదిలేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి విస్కీ మంటకే అన్నట్టు కొంగుతో ఒత్తుకుంది.

"చెక్క చేదు మొదలైంది," అన్నాడతను. "ఈ నెలలోనే తీసేయాలి. ఇంకో ఏడాది ఉంచితే ద్రాక్షంతా మూసుకుపోతుంది."

"నేను ఇంకో ఏడాది ఉంచుదామని చెప్పబోతున్నాను ఆయనకి."

"ఎందుకు? పండిందిగా."

"ఉంటే మళ్ళీ ఏడాదికి ఇంకో ఉత్తరం రాయొచ్చు కదా అని."

బల్ల మీద పెట్టిన అతని చేయి కొంచెం ముందుకొచ్చి, గుడ్డ ముడత సరిచేసి, వెనక్కి వెళ్ళిపోయింది.

యజమాని మూడో పీపా సరుకు రుచి చూసి, ఇంకాస్త పొయ్యమని గ్లాసు చాపాడు. అదీ తాగి, "వచ్చెయ్యవయ్యా. మీ అక్క కూడా లేదంటున్నావు. అక్కడేం చేస్తావు, వచ్చి నీ పని నువ్వు చూసుకో," అన్నాడు. మేస్త్రి చేతులు కట్టుకుని, "కుదరదండీ," అన్నాడు. కారణం చెప్పలేదు.

బస్టాపు దాకా ఆమె కూడా వెళ్ళింది. అక్కడ ఆమెకు చెప్పాడు. "పీపా కట్టడం చేతుల పనే కావచ్చు. కానీ చెడిపోయినదేదో, మంచిదేదో తెలియకుండా కట్టేవాడు ఎందుకు మేడమ్? ఇవాళ చూశారుగా. కంపు కొట్టే పీపా మీదకు వంగి బాగుందన్నాను."

"నేను లేనా చెప్పడానికి?"

"అస్తమానం మిమ్మల్ని అడుగుతూ బతకనా?"

అడగొచ్చు, అనాలనుకుంది ఆమె. బస్సు వచ్చేసింది.

"వెళ్ళొస్తాను," అన్నాడు మెట్టెక్కుతూ.

"నిజంగా వస్తారా?"

"అలా అంటారు కదా మేడమ్," అని అతను నవ్వబోయాడు. నవ్వు కుదరలేదు.

*

అత్తగారు బల్ల మీద గుడ్లూ రొట్టే పెట్టి కూర్చుంది. ఒకటి కాదు, మూడు కంచాలు పెట్టింది. కోడలు ఒక్కతే రావడం చూసి మూడో కంచం తీసి బోర్లించింది.

"వెళ్ళిపోయాడా?"

"వెళ్ళిపోయారు."

"ఉండమని అడిగావా?"

"ఏమని అడగను అత్తయ్యా?"

"తొమ్మిదేళ్ళకి పీపాలో సరుకైనా పండింది కానీ మీ ఇద్దరూ పండలేదే! నేను పోయాక అడుగుదామని చూస్తున్నావేమో. నాకిప్పట్లో పోయే ఉద్దేశం లేదు, ముందే చెబుతున్నా."

ఆమె రొట్టె తుంచింది కానీ తినలేదు. "మీకేమీ అనిపించదా? మీ అబ్బాయి..."

అత్తగారు కొంతసేపు ఉప్పు డబ్బా మూత తిప్పుతూ కూర్చుంది. "అనిపించకేం. వాడు నా కడుపున పుట్టినవాడు. కానీ పోయినవాడికి ఆకలుండదమ్మాయ్, ఉన్నదానివి నీకుంటుంది. వాడి కోసం మనిద్దరం ఏడ్చిన ఏడుపు చాలు. తిను ముందు."

ఆదివారం నాడు ఆమె ఫోన్ చేసింది. ఏం మాట్లాడాలో అనుకోలేదు. అతనే అడిగాడు, "అక్కడ ఏం వాసన వస్తోంది?" అని.

"అత్తయ్య ఉల్లిపాయలు మాడ్చింది. కిటికీ తీశాం. బయట ఎవరో గోడలకు సున్నం వేస్తున్నారు. తడి సున్నం, మాడిన ఉల్లిపాయ."

"కాస్త నెమ్మదిగా చెప్పండి."

ఆమె నెమ్మదిగా చెప్పింది. ఆ తర్వాత ప్రతి ఆదివారం చెప్పేది. వారమంతా అతని కోసం వాసనలు ఏరి పెట్టుకునేది: వాన పడ్డ ఇనుప మెట్లు, కొత్త పుస్తకం, పక్కింటి పసిపాప మెడ. అవతల నుంచి ఊపిరి తప్ప ఏమీ వినబడేది కాదు. ఎనిమిదో ఆదివారం అతను, "మీతో ఒక పనుంది. ఫోన్లో అయ్యేది కాదు. ఒకసారి రాగలరా?" అన్నాడు.

నాలుగు గంటల బస్సు ప్రయాణం. ఆమె ఆ పూట కూడా కాఫీ తాగలేదు, ఎందుకో తనకే తెలియదు.

కింద అతను కుర్చీలూ తలుపులూ బాగుచేసే కొట్టు, పైన ఒక గది, ఆ పైన డాబా. గదిలో రెండు మంచాలున్నాయి. ఒకదాని మీద పక్క వేసి ఉంది. రెండోదాని మీద మడతపెట్టిన నీలం రంగు దుప్పటి ఒకటే ఉంది. మంచం పక్కన చేతికర్ర ఇంకా గోడకు ఆనించే ఉంది.

"ఇది మా అక్క కప్పుకున్నది," అన్నాడతను. "పోయినప్పటి నుంచి ఉతకలేదు. అందులో తన వాసన ఉంటుందని. కానీ ఉందో లేదో నాకు తెలియదు కదా. రోజూ మొహానికి ఆనించుకుంటాను, ఏమీ తెలియదు. ఎవర్ని అడగను? మీరు చూసి చెప్పండి. ఉన్నదే చెప్పండి."

ఆమె మంచం అంచున కూర్చుంది. దుప్పటి ఒడిలోకి తీసుకుని, ఒక్కో మడతా విప్పి, అంచులు, మధ్య, మళ్ళీ అంచులు చూసింది. ఏ పీపా దగ్గరా అంతసేపు ఊపిరి బిగబట్టి పనిచేయలేదు. అతను గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"మీ అక్కగారు నాకు తెలియదు. దొరికినవి చెబుతాను," అంది చివరికి. "ఇక్కడ నొప్పుల మందు, బాగా పలచగా. తల పెట్టుకునే చోట నూనె, అదీ చిక్కబడి పాతబడిపోయింది. ఈ అంచున మీ చేతుల వాసన, చెక్కపొడి. మిగతాదంతా దుమ్ము."

"మనిషి?"

ఒక అబద్ధం నోటిదాకా వచ్చింది. ఉంది అంటే చాలు, ఈ మొహం వెలుగుతుంది. ఇంకో పదేళ్ళు ఈ దుప్పటి ఈ మంచం మీదే ఉంటుంది.

"లేదు. వెళ్ళిపోయింది."

"ఎప్పుడు పోయుంటుంది?"

"చాలా రోజులయి ఉంటుంది. ఏడాది కావచ్చు."

"అయితే ఇన్నాళ్ళూ నేను దేనికి కాపలా ఉన్నాను?" అన్నాడు. అని, గోడ వెంట జారి కింద కూర్చుని, మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చాడు. అక్క పోయినప్పుడు ఏడ్చాడో లేదో ఆమెకు తెలియదు. ఓదార్చే మాటలేవీ ఆమె వెతకలేదు. కిందకు దిగి అతని పక్కన, భుజానికి భుజం తగిలేలా కూర్చుంది. కింద వీధిలో ఎవరో సైకిల్ గంట కొట్టుకుంటూ వెళ్ళారు. తర్వాత పిల్లలు అరిచారు. ఎండ కిటికీలోంచి మంచం దాకా వచ్చింది.

చాలాసేపటికి అతను మొహం తుడుచుకుని లేచాడు. దుప్పటి చేతిలోకి తీసుకున్నాడు.

"డాబా మీద కుళాయి ఉంది," అన్నాడు.

పెద్ద బకెట్టులో సబ్బుపొడి కలిపి నానబెట్టారు. అతను తొక్కాడు, ఆమె నీళ్ళు మార్చింది. మొదటి నీళ్ళు నల్లగా వచ్చాయి, రెండోవి బూడిదరంగుగా, నాలుగోసారికి తేటపడ్డాయి. తడిసిన దుప్పటి ఒక మనిషంత బరువుంది. పిండడానికి ఇద్దరూ చెరో కొసా పట్టుకుని దూరంగా జరిగారు. అతను తిప్పడం మొదలుపెట్టగానే ఆమె చేతిలోంచి కొస జారింది.

"గట్టిగా పట్టుకో," అన్నాడతను. అని, నాలుక కరుచుకుని ఆగిపోయాడు.

ఆమె కొసను రెండు చుట్లు చేతికి చుట్టుకుని, కాళ్ళు నేలకు తన్నిపెట్టింది.

"పట్టుకున్నా. నువ్వు తిప్పు," అంది.

ఇద్దరి మధ్యా నీళ్ళు ధార కట్టి డాబా మీద పడ్డాయి.